వార్షిక నివేదిక: పిల్లల కథల్లో చావు, ఆకలి, ఎడబాటు

గౌరవ సభ్యులకు నమస్కారం. తిరుపతిలో మన కాలనీ సంఘం నడుపుతున్న పిల్లల గ్రంథాలయంలో ఈ ఏడాది ఒక ప్రశ్న మీదే ఎక్కువ చర్చ జరిగింది. చావు, ఆకలి, క్రూరత్వం ఉన్న కథలను పిల్లలకు ఇవ్వవచ్చునా అన్నదే ఆ ప్రశ్న.

అలాంటి పుస్తకాలను బీరువాలోంచి తీసేయమని కొందరు తల్లిదండ్రులు కోరారు. వారి ఆందోళనను కార్యవర్గం తేలికగా తీసుకోలేదు. అయితే సాలెపురుగు, పాము, ఏనుగు శివుని కోసం ప్రాణాలు విడవడాన్నీ, కన్నప్ప తన కన్ను తానే పెకలించుకోవడాన్నీ శ్రీకాళహస్తి చుట్టుపక్కల పిల్లలు ఊహ తెలిసినప్పటినుంచీ వింటూనే ఉన్నారు. అనంతామాత్యుని భోజరాజీయంలోని ఆవు–పులి కథలో, దూడకు కడుపునిండా పాలిచ్చి, బుద్ధులు చెప్పి, ఇచ్చిన మాట కోసం పులి దగ్గరికి తిరిగి వెళ్లే తల్లిని తలచుకుని కళ్లనీళ్లు పెట్టుకోని పిల్లలు అరుదు. ఆ కన్నీళ్లు చూసి మన పెద్దలెవరూ కథ మానేయలేదు.

జర్మన్ జానపద కథలను సేకరించిన గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన తొలి సంపుటంలో, తిండికి గతిలేక హాన్సెల్, గ్రెటెల్ అనే అన్నాచెల్లెళ్లను అడవిలో వదిలేద్దామని భర్తను పోరినది కన్నతల్లే. తర్వాతి ముద్రణల్లో ఆమెను సవతి తల్లిగా మార్చారు. కన్నతల్లి పేరు కాపాడటానికి ఆ నిందను సవతి తల్లి మీద మోపడం, సవతి తల్లి చేతిలో ప్రేమగా పెరుగుతున్న పిల్లలకు అన్యాయమేనని మా అభిప్రాయం.

దుఃఖాన్ని చెప్పే కథ వేరు, హింసను వేడుకగా చూపే కథ వేరు. రెండో రకం పుస్తకాలను తీసేశాం. మొదటి రకాన్ని ఉంచి, ఆదివారం కథ ముగిశాక పెద్దలు వెంటనే లేచి వెళ్లకుండా పిల్లలు అడిగే ప్రతి ప్రశ్నకూ ఓపికగా జవాబు చెప్పాలన్న నియమం పెట్టుకున్నాం. ఇటీవల ఇంట్లో ఆప్తులను పోగొట్టుకున్న ఒక బిడ్డ (వివరాలు చెప్పడం భావ్యం కాదు) ఆవు తిరిగి రాకపోతే దూడకు పాలెవరిస్తారని అడిగి, ఆ మాట మీదే తన ఇంటి సంగతి మొదటిసారి చెప్పుకొన్నది. ఈ నియమాన్ని కొనసాగించాలని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించడానికి అది ఒక ముఖ్య కారణం.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. వచ్చే ఏడాది కథల అనంతరం పిల్లలతో కూర్చుని మాట్లాడగల సభ్యులు, ముఖ్యంగా పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, తమ పేర్లను కార్యదర్శికి తెలియజేయవలసిందిగా కోరుతున్నాం.