బేస్‌లైన్ పేపర్ల గురించి శీనాకి

చిత్తూరు

ఒరేయ్ శీనా,

ఎట్లున్నావు? ఇంట్లో అందరూ బాగున్నారా? ఫోన్‌లో మాట సగంలోనే ఆగిపోయింది, అందుకే తీరిగ్గా రాస్తున్నా. పిల్లల మార్కులు ఏడాదిలో ఎంత పెరిగాయో చూసి టీచర్లకు బహుమతి ఇవ్వాలంటే, మార్కుల కోసం మోసాలు మొదలవుతాయని నువ్వు భగ్గుమన్నావు. నాకైతే అదే న్యాయం అనిపిస్తోంది రా.

మా మూడో తరగతిలో ఒక పాప ఉంది. అమ్మానాన్నలు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పనికి పోతారు, ఇంట్లో మాట్లాడేది తమిళం. జూన్‌లో బేస్‌లైన్ టెస్టు (ఏడాది మొదట్లో పిల్లలకు ఎంత వచ్చో చూసే పరీక్ష) పెడితే ‘పలక’ను ప, ల, క అని విడివిడిగా పలికి, మూడూ కలపలేక నా మొహం చూసింది. సంక్రాంతి సెలవుల ముందు నాలుగు వరుసల కథ వేలు పెట్టుకుని చదివేసి, ‘కుందేలు అబద్ధం ఎందుకు చెప్పింది సార్?’ అని అడిగింది! 50కి 6 వచ్చిన పిల్లకు ఇప్పుడు 16. పాస్ పర్సంటేజీ లెక్కలో మాత్రం ఇంకా ఫెయిలే. 45 నుంచి 46కి వచ్చిన పిల్లలున్న స్కూలుకేమో ఫ్లెక్సీలు, శాలువాలు.

మన ఉమ్మడి రాష్ట్రంలోనే దీన్ని పరీక్షించి చూశారు, తెలుసా? కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే పరిశోధకుల అధ్యయనం, 2005లో మొదలైంది. పల్లెల్లోని సర్కారు ప్రైమరీ స్కూళ్ళలో సగటు మార్కులు 5 శాతం దాటి పెరిగితే, ఆపైన ఒక్కో శాతానికి టీచరుకు 500 రూపాయలు. ఆ బోనస్ సగటున ఏడాది జీతంలో 3 శాతం, అంతే. రెండేళ్ళలో ఆ పిల్లలు లెక్కల్లో, తెలుగులో మిగతా స్కూళ్ళను బాగా దాటారు. బోనస్ లేని సైన్సు, సోషల్లో కూడా! టీచర్ల హాజరేమీ పెరగలేదట. వచ్చిన రోజు హోంవర్కు, ప్రాక్టీసు టెస్టులు, బడి అయ్యాక క్లాసులు ఎక్కువ పెట్టారు. స్కూలంతటికీ కలిపి ఇవ్వాలని నువ్వంటావు కదా, మొదటి ఏడాది రెండు పద్ధతులూ సమానమే, రెండో ఏటికి ఏ టీచరుకు ఆ టీచరుకు విడిగా ఇచ్చిన చోటే ఫలితం మెరుగ్గా ఉంది.

కానీ నీ భయం ఉత్తది కాదు. అమెరికాలో అట్లాంటాలో మార్కుల కోసం ఒత్తిడి పెడితే టీచర్లే పిల్లల జవాబులు దిద్దేశారు. 2011 విచారణలో 178 మంది పేర్లు బయటికొచ్చాయి, 2015లో 11 మందిని కోర్టు దోషులుగా తేల్చింది. అందుకే ఎవరి క్లాసు పరీక్ష వాళ్ళు పెట్టకూడదు, దిద్దకూడదు. ఇంకోటి, మా క్లాసులో ఉన్నదే పన్నెండు మంది. ఇద్దరికి కామెర్లు వస్తే సగటు పడిపోతుంది. ఒక్క ఏడాది లెక్కతో ఎవరినీ మంచి టీచరనో చెడ్డ టీచరనో తేల్చేయకూడదు, మూడేళ్ళు కలిపి చూడాలి. ట్రాన్స్‌ఫర్లకు, ఇంక్రిమెంట్లకు దీన్ని ముడిపెడితే మాత్రం నేనూ నీతో పాటే ధర్నాకి వస్తా.

మీ పిల్లల జూన్ పేపర్లు పారేయకుండా దాచు. ఏప్రిల్ పరీక్ష అయ్యాక రెండు కట్టలూ తిరుపతి బస్సులో ఎవరైనా మనవాళ్ళ చేతికిచ్చి పంపు, నేను దిద్దుతా. మావి నీకు పంపిస్తా, పేర్లు కనబడకుండా మడిచి పిన్ను కొట్టి. ఏ కట్ట ముందుదో, ఏది తర్వాతదో కూడా చెప్పను.

నీ
రమణ