స్టాల్ అంటే ఇంజన్ ఆగిపోవడం కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ పేపర్లో విమాన ప్రమాదాల మీద వేసిన వ్యాసంలో "విమానం స్టాల్ అయింది, అంటే గాల్లోనే ఇంజన్ ఆగిపోయింది" అని రాశారు. కారు ఆగిపోతే అలా అంటాం కాబట్టి అనుకుని ఉంటారు గానీ ఇక్కడ స్టాల్ అయ్యేది ఇంజన్ కాదండీ, రెక్క. ముక్కు మరీ పైకెత్తితే గాలి రెక్కని అంటిపెట్టుకుని పారకుండా విడిపోతుంది, లిఫ్ట్ (విమానాన్ని పైకి మోసే బలం) పడిపోతుంది, ఇంజన్లు రెండూ శుభ్రంగా తిరుగుతూనే ఉంటాయి.

35 వేల అడుగుల మీద గాలి సాంద్రత నేల దగ్గరున్న దాంట్లో మూడో వంతు కూడా ఉండదు. స్పీడ్ తగ్గితే ముక్కు ఇంకా ఎత్తాల్సొచ్చి స్టాల్, పెరిగితే ధ్వని వేగానికి దగ్గరపడి రెక్క మీద షాక్ వేవ్ వచ్చి విమానం వణుకుద్ది, పైకి పోయేకొద్దీ ఈ రెండిటి మధ్య సందు సన్నబడిపోద్ది, పైలట్లు దాన్నే కాఫిన్ కార్నర్, అంటే శవపేటిక మూల, అంటారు (పేరు పెట్టినవాడెవడో గానీ!). పైగా ఆ పల్చటి గాలి ముక్కు ఊపుని సరిగా ఆపదు, కింద అలవాటైనట్టు స్టిక్ (ముక్కుని ఎత్తి దించే కర్ర) లాగితే అక్కడ ఎక్కువైపోద్ది.

2009 జూన్ 1న రియో నుంచి పారిస్ వెళ్తూ అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం విషయంలో జరిగింది ఇదే. స్పీడ్ కొలిచే పిటో గొట్టాల్లో మంచు పట్టింది, ఆటోపైలట్ తప్పుకుంది, పైలట్ స్టిక్ వెనక్కి లాగాడు, విమానం దాదాపు 38 వేల అడుగులకెక్కి స్టాల్ అయింది. అసలు దారుణం ఏంటంటే, ముక్కు మరీ పైకెత్తి ఉండి కొలిచిన స్పీడ్ 60 నాట్ల (గంటకి సుమారు 110 కి.మీ.) కంటే తగ్గితే రెక్క కోణం లెక్క నమ్మలేమని కంప్యూటర్ స్టాల్ వార్నింగ్ ఆపేస్తుంది, పైలట్ ముక్కు దించబోతే, అంటే కరెక్ట్ పని చేస్తే, స్పీడ్ పెరిగి మళ్ళీ మోగుతుంది! తప్పు చేస్తే నిశ్శబ్దం, ఒప్పు చేస్తే అలారం, ఆ చీకట్లో ఆ మనిషి ఏమనుకోవాలి చెప్పండి. 228 మంది పోయారు, ఇంజన్లు నీళ్ళని తాకేదాకా పనిచేస్తూనే ఉన్నాయి.

రెక్కకి గాలి ఏ కోణంలో తగులుతోందో కొలిచే సెన్సర్ విమానంలో ఇప్పటికే ఉంటుంది, కంప్యూటర్ వాడుకుంటుంది కూడా, కానీ చాలా విమానాల్లో పైలట్‌కి చూపించే మీటర్ ఉండదు. అది తప్పనిసరి చేయాలా అన్నది పరిశీలించమని ఫ్రాన్స్ దర్యాప్తు సంస్థ బీఈఏ 2011లోనే అమెరికా, యూరప్ రెగ్యులేటర్లకి చెప్పింది. మీరు రాయాల్సిన వార్త అదీ. సవరణ కూడా వేస్తే సంతోషం.

ఇట్లు,
మీ పాఠకుడు