పీటా కాలు ఎక్కడికి పోయింది?

సంపాదకులకు,

టీనేజ్ నవలల సినిమాలపై మీరు వేసిన వ్యాసం చదివాను. సినిమా చూశాక నవల చదవక్కర్లేదన్న మాట మాత్రం నాకు మింగుడు పడలేదు.

సుజాన్ కాలిన్స్ 2008 నవల ‘ది హంగర్ గేమ్స్’నే తీసుకోండి. పిల్లల్ని చచ్చేదాకా పోరాడించే ఆట కథ అది. అందులో ఆ ఆటలోకి దిగిన కుర్రాడు పీటా కాలు పోతుంది, చివర్లో కృత్రిమ కాలు పెడతారు. 2012లో వచ్చిన సినిమాలో మందు రాస్తే గాయం మానిపోయి, కుర్రాడు నిక్షేపంగా నడిచొస్తాడు! ‘‘చూసేవాళ్లకి అంత బాధెందుకమ్మా’’ అంటుంది మా అమ్మాయి. పిల్లల చేత పిల్లల్ని చంపించే కథలో ఆ బాధే కదా అసలు సరుకు?

నవలంతా పీటాతో పాటు ఆటలో ఉన్న కథానాయిక కాట్నిస్ తనే చెబుతుంది. గుహలో పీటాకి ముద్దు పెట్టినప్పుడు అది ప్రేమో, ఆటగాళ్లకి సాయం పంపే స్పాన్సర్ల కోసం నటనో ఆమెకే తెలియని తికమక మనకి తెలుస్తూ ఉంటుంది. తెర మీద నాకది మామూలు ప్రేమకథలాగే కనిపించింది. ఆట నడిపే కంట్రోల్ రూమ్‌ని లోపల్నుంచి చూపించడం మాత్రం సినిమా గొప్పే, కాదనను. ఈ వరసలోని మూడో నవలని 2014, 2015లలో రెండు సినిమాలుగా సాగదీయడమంటారా, నా దృష్టిలో అది టికెట్ల కక్కుర్తి.

– ఒక పాఠకురాలు