ఆ ఫోటోలోది జెర్రిపోతు, తల్లీ

చిత్తూరు

తల్లీ,

నువ్వు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. నల్లగా నిగనిగలాడుతోందని ఇంటి ఓనరు కట్లపాము అనేశాడు గానీ, అది జెర్రిపోతు. కన్ను ఎంత పెద్దదో, పెదవి మీద నల్లగీతలు ఎలా ఉన్నాయో చూడు. ఎలుకల్ని తిని బతుకుతుంది, విషం లేదు. కొట్టనివ్వకుండా ఆపావు, మంచి పని చేశావు.

శేషాచలం కొండ పక్కన ఇల్లు తీసుకున్నారు కాబట్టి రంగొక్కటే నమ్ముకోవద్దు. తాచులూ కొన్ని నల్లగానే ఉంటాయి, పడగ విప్పలేదని తాచు కాదనుకోకు. కట్లపాముదైతే నీలం కలిసిన నలుపు. ఒంటి మీద అడ్డంగా సన్నటి తెల్లకట్లు, చాలావరకు జంటలుగా. తల వైపు అవి మసగ్గా ఉంటాయి, లేదా అసలే ఉండవు. తోక వైపుకు తేటగా కనిపిస్తాయి. గోడలెక్కే విషం లేని చిన్నపాము ఒకటుంది, గోధుమ రంగుది. దాని కట్లు మెడ దగ్గరే గట్టిగా మొదలై తోక వైపుకు చెరిగిపోతాయి. ఇవన్నీ దూరం నుంచి తీసిన ఫోటోలో చూసుకో, వంగి చూడొద్దు. అనుమానమొస్తే కట్లపామే అనుకో.

నా టెన్షనంతా దాని కాటు గురించే. రాత్రిపూట తిరుగుతుంది, కింద పడుకున్నవాళ్ళని నిద్రలోనే కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు, ఒక్కోసారి గాటు కూడా కనబడదు. తెల్లారి కడుపునొప్పి, వాంతులు, తర్వాత రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం. తిన్నది పడలేదులే అని మజ్జిగ ఇచ్చి కూర్చుంటే ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి. బాబు పొద్దున్నే కళ్ళు తెరవలేకపోతున్నానంటే పాము కోసం వెతుకుతూ కూర్చోకు. 108కి ఫోన్ చేసి తిరుపతి రుయా ఆసుపత్రికి తీసుకుపో, వాణ్ణి నడిపించకు. బిగించి కట్టడాలు, కొయ్యడాలు, మంత్రాలు వద్దు. పామును చంపి పట్టుకుపోయే పనీ లేదు. తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, నాలుగింటికీ విరుగుడు ఇంజెక్షన్ ఒకటే.

ఎండలకి వరండాలో చాపేసుకుని పడుకుంటున్నారని అమ్మ చెప్పింది. మనింట్లో నవారు మంచాలు రెండున్నాయి, ఆదివారం వ్యానులో వేసుకొస్తాను. అంతవరకు లోపలే పడుకోండి, దోమతెర అంచులు నాలుగు వైపులా పరుపు కిందికి దోపు. రాత్రి బయటికొస్తే టార్చి చేతిలో ఉండాలి. మెట్ల కింద పేర్చిన కట్టెలు నేనొచ్చాక ఇద్దరం పగలే తీద్దాం, నువ్వొక్కదానివే చెయ్యి పెట్టకు.

మీ నాన్న