సాక్ష్యం చెప్పమని ఇక అడగను

అమ్మడూ,

అందరూ బాగున్నారా. ఫోన్లో చెబుదామని మూడుసార్లు చేశాను, మూడుసార్లూ నువ్వు "సరేలేమ్మా, తర్వాత మాట్లాడతా" అని పెట్టేశావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. నాకు టైపు చెయ్యడం నిదానం, ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది, కాబట్టి హడావుడిగా చదవకు, పిల్లలు పడుకున్నాక చదువు.

మార్చిలో ఆ మిషనరీ కూడికలో దక్షిణాఫ్రికాలో మీ సేవ గురించి నువ్వు సాక్ష్యం చెబుతూ ఆగిపోయిన రోజు, కూడిక అయ్యాక ఆటోలో నిన్ను నేనన్న మాట గురించే రాస్తున్నా. "అన్ని సంఘాలవాళ్ళు కూర్చుని వింటుంటే మధ్యలో ఆగిపోయి కూర్చుంటావా, ఇన్నేళ్ళు కానుకలు పంపినవాళ్ళకి ఏం సమాధానం చెబుతాం" అన్నాను. నువ్వు ఏమీ అనలేదు. అల్లుడు రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. పదిరోజులు తిరక్కుండా విజయవాడలో ఇల్లు చూసుకుని వెళ్ళిపోయారు. పిల్లల స్కూలుకు దగ్గరని చెప్పారు, నేనూ ఇక్కడ అడిగినవాళ్ళందరికీ అదే చెప్పాను, కానీ అసలు కారణం నాకు తెలుసు.

నువ్వు ఎక్కడ ఆగిపోయావో నాకు గుర్తుంది. 2022 ఏప్రిల్ వరదల దగ్గర. అక్కడ మీరున్న డర్బన్ చుట్టుపక్కల నాలుగు వందల మందికి పైగా చనిపోయారని అప్పుడు మేము వార్తల్లో చూసి నిద్రపోలేదు. మీ టోంగాట్‌లో నీళ్ళ ప్లాంటు దెబ్బతిని నెలల తరబడి కుళాయి రాలేదు, ట్యాంకరు దగ్గర బకెట్లు పట్టుకుని నిలబడుతున్నామని చెప్పేదానివి, అదంతా నవ్వుతూ చెప్పేదానివి. కానీ గట్టువాలున ఉన్న ఆ రేకుల ఇల్లు గురించి, ఆదివారం బడికి అందరికంటే ముందొచ్చి చాపలు పరిచే ఆ పాప గురించి నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ రోజు మైకులో ఆ పాప పేరు నీ నోటిదాకా వచ్చింది. అంతలో ముందు బెంచీలో ఎవరో గట్టిగా "స్తోత్రం" అన్నారు. నువ్వు మైకు పక్కన పెట్టి కూర్చున్నావు.

అక్కడ నేను చెయ్యాల్సింది లేచి వచ్చి నీ పక్కన కూర్చోవడం. నేను మాత్రం అందరూ ఏమనుకుంటున్నారో చూస్తూ ఉండిపోయాను.

మీరు డిసెంబరులో దిగారు. జనవరి మొదలు మార్చి దాకా ఎన్ని ఊళ్ళు తిప్పామో నిన్న లెక్కపెట్టాను. మీరు వదిలేసి వెళ్ళిన శాలువాలు బీరువాలో ఇరవై మూడు ఉన్నాయి. ప్రతిచోటా పది నిమిషాలే టైం ఇచ్చారు, ప్రతిచోటా సింహాలున్నాయా, అడవిలో ఉండేవాళ్ళా అని అడిగారు, మీరు షాపింగ్ మాల్ ఉన్న ఊరి ఫోటో చూపిస్తే నిరాశపడ్డారు. ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారు అని సంఖ్య అడిగారు. ఇక మన చుట్టాల సంగతి చెప్పక్కర్లేదు. ఎనిమిదేళ్ళు ఫారిన్‌లో ఉండి పిల్ల మెడలో గొలుసైనా వేయించలేదా అని మీ పిన్ని నా ముందే అంది. మిషను జీతం రూపాయల్లో వచ్చేదని, అక్కడ రాండుల్లోకి మారితే బియ్యానికీ అద్దెకీ సరిపోయేదని, తిరిగొచ్చిన మూడో నెల నుంచి అదీ ఆగిపోయిందని వాళ్ళకి తెలీదు. ఆగిపోయిందన్న సంగతి నాకూ అల్లుడి చెల్లెలు చెబితేనే తెలిసింది. నాకు చెప్పకపోవడం బాధగానే ఉంది గానీ, నేను అడిగే తీరు చూస్తే ఎవరు మాత్రం చెబుతారు.

నేను ఎందుకిలా చేశానో ఆలోచిస్తే ఒకటే కనిపిస్తోంది. చిన్నప్పటినుంచి నేను నీకు జాన్ రంగయ్యగారి కథ చెప్పి పెంచాను. 1903లో నెల్లూరు ప్రాంతం నుంచి తెలుగు బాప్టిస్టు హోం మిషనరీ సొసైటీ పంపితే ఓడెక్కి మీ డర్బన్ ఉన్న నాటాల్ వెళ్ళారు, అక్కడి తోటల్లో కూలీలుగా ఉన్న మన తెలుగువాళ్ళ కోసం, ఆ ఏడాది చివర్లోనే కియర్స్నీ టీ తోటల దగ్గర సంఘం పెట్టారు. ఆదివారం బళ్ళో ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. నువ్వు, అల్లుడు అదే తీరానికి వెళ్తున్నామన్నప్పుడు నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ ఆనందంలో నిన్ను నా కూతురిగా కాక ఆ కథలో ఒక పేరుగా చూడడం మొదలుపెట్టాననుకుంటా. కథలో మనిషి మైకు ముందు ఆగిపోకూడదు కదా.

ఇంకొకటి నీకెప్పుడూ చెప్పలేదు. మా నాన్న ఒంగోలు మిషను కాంపౌండులో దొరల బంగళాలో బట్లరు, అది నీకు తెలుసు. నాకు పదేళ్ళప్పుడు ఆ బంగళాలో నా ఈడు దొరబిడ్డ ఒకతి ఉండేది. ఇక్కడే పుట్టింది, కొడైకెనాల్ బోర్డింగు స్కూల్లో చదివేది, సెలవులకు వస్తే చెప్పులు విసిరేసి మాతో వేపచెట్ల కింద తిరిగేది, చద్దన్నంలో పచ్చిమిరపకాయ నంజుకునేది, తిట్లతో సహా మన తెలుగే మాట్లాడేది. 1968లో ఆ కుటుంబం శాశ్వతంగా అమెరికా వెళ్ళిపోయింది. అంతా మామిడికాయ పచ్చడి సీసాలు పట్టుకుని వీడ్కోలుకు వచ్చారు. "మీ ఊరు వెళ్తున్నావుగా, సంతోషమేనా" అని ఎవరో ఆ పిల్లని అడిగితే, "మా ఊరు ఇదేగా" అంది. పెద్దవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నాకైతే అది మంచు చూస్తుందని అసూయ. తర్వాత దాని దగ్గర్నుంచి రెండు ఉత్తరాలొచ్చాయి, రెండోదాంట్లో స్కూల్లో తన మాట ఎవరికీ అర్థం కావట్లేదని రాసింది, ఆ తర్వాత రాయలేదు. నేను కూడా జవాబు రాయలేదు, అప్పట్లో తపాలా బిళ్ళలకు డబ్బులుండేవి కావు, కానీ అడిగితే మా నాన్న ఇచ్చేవాడే.

అల్లుడు నాకొక వ్యాసం పంపాడు, నువ్వు చూశావో లేదో. రూత్ హిల్ యూసీం అనే ఆవిడ 1950ల్లో మన దేశంలో పనిచేస్తున్న అమెరికన్ కుటుంబాల మీద పరిశోధన చేసి, అలా పెరిగిన పిల్లలకి 'థర్డ్ కల్చర్ కిడ్స్' అని పేరు పెట్టిందట. తల్లిదండ్రుల దేశం పూర్తిగా వాళ్ళది కాదు, పెరిగిన దేశం కూడా పూర్తిగా వాళ్ళది కాదు. అది చదువుతుంటే ఆ దొరబిడ్డ ముఖం కళ్ళముందుకొచ్చింది. ఆ వెంటనే మన పెద్దాడి ముఖం.

వాడు రెండేళ్ళవాడిగా వెళ్ళి పదేళ్ళవాడిగా వచ్చాడు. నేను వాడికి "ఇల్లు వచ్చేసిందిరా" అని ఎయిర్‌పోర్టులో అన్నాను, వాడికి అది ఇల్లు కాదని నాకు తట్టనే లేదు. మన వీధిలో చెప్పుల్లేకుండా నడుస్తుంటే పరువు పోతుందని అరిచాను, అక్కడ పిల్లలు షాపుకి కూడా అలాగే వెళ్తారని తర్వాత చెప్పావు. ఒకరోజు కరెంటు పోతే వాడు చాలా మామూలుగా "అమ్మమ్మా, ఇవాళ ఏ స్టేజి?" అని అడిగాడు. నాకు అర్థం కాలేదు. గంటల ప్రకారం కరెంటు తీసే పట్టీ ఉంటుందని, ఆరో స్టేజి అయితే ముందే వండుకోవాలని, టార్చి ఎక్కడ పెట్టుకోవాలో నాకు వివరించాడు. వాడికి తెలిసిన లోకం అది. దాంట్లో వాడు చాలా తెలివైనవాడు. ఇక్కడికొచ్చేసరికి తెలుగు రాయడం రాదు, హిందీ అసలే రాదు, పైగా అక్కడ బడి జనవరిలో మొదలై డిసెంబరులో అయిపోతుంది కాబట్టి మధ్యలో చేర్చుకోం అన్నారు, చివరికి ఒక క్లాసు కింద వేస్తామన్నారు. ఆ ఆఫీసు గదిలోంచి బయటికొచ్చి వాడు తల దించుకుని నడిచిన తీరు నేను మర్చిపోలేను.

కియర్స్నీ వెళ్ళినప్పుడు నువ్వు పంపిన వీడియో ఇంకా నా ఫోన్లో ఉంది. ఆ ముసలమ్మ, ముత్తాతలు మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్ళు, తెలుగు ఒక్క మాట మాట్లాడలేదు, కానీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న తెలుగు కీర్తన కళ్ళు మూసుకుని పాడింది. 1860 నుంచి 1911 దాకా ఓడలెక్కి వెళ్ళినవాళ్ళ మునిమనవళ్ళు ఇంకా మన పాట దాచుకున్నారని, ఆ దేశ రాజ్యాంగంలో గౌరవించాల్సిన భాషల్లో తెలుగు పేరు కూడా రాశారని నేను వీధంతా చెప్పుకుని మురిసిపోయాను. అదే నేను, మన పెద్దాడు ఎనిమిదేళ్ళుగా మాట్లాడిన అక్కడి జూలూ భాషలో చెల్లెలితో రెండు మాటలంటే, "తెలుగులో మాట్లాడరా" అని కసిరాను. వాళ్ళు దాచుకుంటే గొప్ప, వీడు దాచుకుంటే తప్పు అయింది నాకు.

మీ పక్కింటి గోగో సంగతి కూడా చెప్పేస్తాను. చిన్నది పుట్టినప్పుడు నేను రాలేకపోయాను, వీసా పని అవ్వలేదు. నీకు పథ్యం చేసి పెట్టింది ఆవిడ, చిన్నదాన్ని వీపున కట్టుకుని నిద్రపుచ్చింది ఆవిడ. చిన్నది వచ్చిన కొత్తలో నిద్రలో "గోగో" అని ఏడిస్తే నేను ఎత్తుకున్నాను, నా చేతుల్లోంచి జారిపోయి నీ దగ్గరికి పరిగెత్తింది. గోగో అంటే అమ్మమ్మ అని తెలుసు నాకు. ఆ రాత్రి నాకు చాలా కష్టంగా అనిపించింది, ఆవిడ మీద కోపం కూడా వచ్చింది, నిజం చెబుతున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే నా మనవరాలిని నేను లేనప్పుడు ఏడవనివ్వకుండా చూసుకున్న మనిషి మీద నాకెందుకు కోపం.

మీ నాన్న గురించి మనం ఇంతవరకు మాట్లాడుకోలేదు. 2020 ఆగస్టులో ఆయన పోయినప్పుడు విమానాలు లేవు, నువ్వు వీడియో కాల్లో చూశావు, సగంలో నెట్ పోయింది. నాలుగేళ్ళ తర్వాత నువ్వు గుమ్మంలోకి వచ్చేసరికి ఇంటినిండా జనం, దండలు, ఫోటోలు. ఆయన కుర్చీ వైపు నువ్వు ఒకసారి చూసి ముఖం తిప్పుకోవడం నేను చూశాను. ఆ సాయంత్రమే మొదటి కూడిక పెట్టించింది నేనే. సమాధుల తోటకి వెళ్దామా అని నువ్వు అడిగావు, వచ్చే వారం పాస్టరుగారితో వెళ్దామన్నాను, ఆ వచ్చే వారం రానేలేదు.

అపొస్తలుల కార్యములు పద్నాలుగో అధ్యాయం ఎన్నిసార్లు పాఠం చెప్పానో నీకు తెలుసు. పౌలు, బర్నబా తిరిగి అంతియొకయకు వచ్చి సంఘాన్ని సమకూర్చి జరిగినదంతా చెప్పారు, అక్కడితో నేను పాఠం ఆపేసేదాన్ని. దాని కింద ఇంకో చిన్న వచనం ఉంది, వాళ్ళు అక్కడ శిష్యులతో చాలాకాలం ఉన్నారని. మొన్న రాత్రి మళ్ళీ చదివాను. ఏం చేస్తూ ఉన్నారో రాయలేదు. ఊరికే ఉన్నారేమో.

కాబట్టి నేను చేసినవి చెబుతాను. చీరాలలోనూ కందుకూరులోనూ వచ్చే నెల ఒప్పుకున్న రెండు కూడికలకు మీరు రారని ఫోన్ చేసి చెప్పేశాను. ఒకాయన నొచ్చుకున్నారు, ఆ సంగతి నేను చూసుకుంటాను. నా పెన్షన్‌లోంచి నెలకి కొంత నీ ఖాతాలో వేస్తాను, అల్లుడికి ఇష్టం లేకపోతే పెద్దాడి ట్యూషన్‌కి అనుకోమను. ఉద్యోగం గురించి అల్లుడిని ఎవరూ తొందరపెట్టకుండా చూడు, నేనైతే ఇక అడగను. మళ్ళీ వెళ్తారా, ఇక్కడే ఉంటారా అని కూడా అడగను. మీకు తెలిసినప్పుడు చెప్పండి.

జూన్‌లో స్కూళ్ళు తెరిచే ముందు ఒక వారం రండి. చుట్టాలెవరికీ చెప్పను. పెద్దాడిని కొత్తపట్నం తీసుకెళ్దాం. మొన్న వచ్చినప్పుడు ఒడ్డున నిలబడి "అక్కడ కూడా సూర్యుడు సముద్రంలోంచే వచ్చేవాడు" అన్నాడు, అప్పుడు నేను సరిగా వినలేదు, ఈసారి పొద్దున్నే లేపి తీసుకెళ్తాను, చెప్పుల్లేకుండానే నడవనీ. సమాధుల తోటకి మనిద్దరమే వెళ్దాం. ఆ పాప పేరు నాకు చెప్పాలనిపిస్తే అక్కడ చెప్పు, అనిపించకపోతే వద్దు. ఆదివారం చర్చిలో చివరి బెంచీలో నా పక్కన కూర్చో, నిన్ను ఎవరూ ముందుకి పిలవకుండా పాస్టరుగారికి ముందే చెప్పి ఉంచాను.

గోగోకి వీడియో కాల్ చేసేటప్పుడు ఈసారి నన్ను కూడా పిలవండి. వెళ్ళేవాళ్ళకి ఒక మాట, ఉండిపోయేవాళ్ళకి ఇంకో మాట ఉంటుందని పెద్దాడు చెప్పాడు, వెళ్ళేవాళ్ళతో "హాంబా కాహ్లే" అంటారట, ఉండేవాళ్ళతో "సాలా కాహ్లే" అంటారట. నేను ఆవిడతో ఏది అనాలో వాడిని అడిగి ఉంచు. థాంక్యూ ఎలా అనాలో కూడా రాసి పంపమను, తెలుగు అక్షరాల్లో, వంకరగా ఉన్నా పర్లేదు.

ఆవకాయ ఈ ఏడు తక్కువ కారంతో ఒక సీసా వేరుగా పెట్టాను, చిన్నదానికి.

అమ్మ