గడువు తేదీ పట్టే బార్‌కోడ్ మా అంగళ్లకూ కావాలి

అయ్యా,

అమెరికాలో ఏటా జరిగే నాక్స్ షో (చిల్లర అంగళ్ల వ్యాపార ప్రదర్శన) వీడియోలు చూశాను, బిల్లు వేసే మనిషే లేని అంగళ్లు, పైకప్పు నిండా కెమెరాలు. అవి మనకు అక్కర్లేదు. నాకు కావాల్సింది వేరే ఉంది.

తిరుపతిలో మాది చిన్న అంగడి. తెల్లారకముందే కొండకు పోయే భక్తులు బ్రెడ్డు, బిస్కెట్ల కోసం వస్తారు. మొన్న ఒకామె చంటిబిడ్డకని బిస్కెట్ ప్యాకెట్ కొని, పది నిమిషాలకే వెనక్కి తెచ్చింది. గడువు దాటి పన్నెండు రోజులైంది. తేదీ చూస్తే ప్యాకెట్ మడతలో, చెరిగిపోయిన చుక్కల్లో ఉంది, ఫోన్ టార్చి వేస్తే గానీ కనబడలేదు. ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు.

1974 నుంచి వాడుతున్న గీతల బార్‌కోడ్‌లో సరుకు నంబరే ఉంటుంది, గడువు తేదీ ఉండదు. క్యూఆర్ లాంటి చదరపు కోడ్‌లో బ్యాచ్ నంబరు, గడువు తేదీ కూడా పెట్టొచ్చు, అప్పుడు పాతబడిన సరుకును బిల్లు దగ్గర మిషనే ఆపేస్తుంది. 2027 చివరికల్లా అంగళ్లన్నీ వీటిని చదవగలగాలని, బార్‌కోడ్‌ల ప్రమాణాలు చూసే జీఎస్1 అనే అంతర్జాతీయ సంస్థ లక్ష్యం పెట్టుకుంది. మా దగ్గరున్న ఎర్రగీత స్కానర్లు వీటిని చదవలేవు, కెమెరా ఉన్నవే కావాలి. ఫోన్ కెమెరా ఎలాగూ అందరి చేతిలో ఉంది కాబట్టి, కంపెనీలు ముందు చిన్న ప్యాకెట్ల మీద ఈ కోడ్ వేయాలి, బిల్లింగ్ యాప్‌లవాళ్లు దాన్ని తెలుగులో చదివించాలి.

- ఒక అంగడి యజమాని, తిరుపతి