మాస్కో మేయరుకు హైదరాబాదు నుంచి ఒక ఉత్తరం

గౌరవనీయులైన సెర్గెయ్ సొబ్యానిన్ గారికి,

మీ నగరంలోని గులాగ్ చరిత్ర మ్యూజియాన్ని 2024 నవంబరులో మూసేశారు. గులాగ్ అంటే సోవియట్ కాలంలో ఖైదీలతో వెట్టిచాకిరీ చేయించిన శిబిరాల వ్యవస్థ. అగ్నిప్రమాద భద్రతా నిబంధనలు పాటించలేదన్నది చెప్పిన కారణం. మా ఊళ్లో సినిమా హాళ్లకూ ఇలాంటి నోటీసులు వస్తుంటాయి. గోడకు నాలుగు సిలిండర్లు తగిలించి, వైర్లు మార్పించి, వారం తిరక్కుండానే మళ్లీ ఆట వేస్తారు. మాస్కోలో ఆ మాత్రం పనివాళ్లు దొరకరంటే నేను నమ్మను.

నీకెందుకయ్యా ఈ గొడవ అంటారేమో. మా నాంపల్లిలో గోల్డెన్ త్రెషోల్డ్ అనే పాత ఇల్లుంది. సరోజినీ నాయుడు గారి ఇల్లంటే చాలామందికి తెలుసు. ఆవిడ తమ్ముడు వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ 1880లో హైదరాబాదులోనే పుట్టారు. మన స్వాతంత్ర్యం కోసం పోరాడుతూ, ఏళ్ల తరబడి వెంటపడిన బ్రిటిష్ గూఢచారులకు చిక్కకుండా లండన్, పారిస్, బెర్లిన్ తిరిగి, ఇక భయం లేదనుకుని మీ దేశం చేరారు. లెనిన్‌గ్రాడ్‌లో మానవజాతి శాస్త్ర సంస్థలో పనిచేసుకుంటున్న ఆయనను 1937 జులైలో అరెస్టు చేశారు. సెప్టెంబరు 2న కాల్చేశారు. బ్రిటిష్ వాడికి చేతకాని పని మీవాళ్లకు రెండు నెలలు కూడా పట్టలేదు.

ఆ స్టాలిన్ రోజుల్లో అలా కాల్చేసినవారి ఇంటివాళ్లకు ఒక జవాబు సిద్ధంగా ఉండేది: ‘పదేళ్ల శిక్ష, ఉత్తరాలు రాసే హక్కు లేదు.’ ఆ ఒక్క మాట పట్టుకుని పదేళ్లూ లెక్కపెట్టుకుంటూ కూర్చున్న భార్యలున్నారు, తల్లులున్నారు.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. నా చిన్నతనం మీ నగరంలో అచ్చయిన తెలుగు పుస్తకాలతో గడిచింది. నున్నటి కాగితం, గట్టి అట్ట, రంగురంగుల బొమ్మలు, చిల్లర డబ్బులకు వచ్చే ధర. విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల బండి వచ్చిందంటే మాకు పండగే. ఆ పుస్తకాల మీద ప్రేమ ఇప్పటికీ పోలేదు, పోగొట్టుకోవాలనీ లేదు. కానీ నేను చదివినవాటిలో ఒక్కచోటా గులాగ్ శిబిరాలకు పేరుమోసిన కోలిమా ప్రాంతం పేరు కనపడలేదు.

వెట్టిచాకిరీ అంటే ఏమిటో మాకు ఎవరూ విడమరచి చెప్పక్కరలేదు. దొర గడీలో కూలి లేని చాకిరీ మీద 1946 నుంచి 1951 దాకా తెలంగాణ రైతులు పోరాడారు. ప్రాణాలిచ్చారు. వాళ్లలో ఎందరికో మీ దేశమంటే వెట్టి లేని లోకం. సరిగ్గా ఆ కాలంలోనే, 1950 మొదట్లో, మీ గులాగ్ శిబిరాల్లో, శిక్షా కాలనీల్లో దాదాపు 25 లక్షల మంది ఖైదీలున్నారు. అందరూ రాజకీయ ఖైదీలు కారు, నిజమే. దొంగలూ హంతకులూ ఉన్నారు. ఒక పరిహాసం ఆడినందుకు వచ్చినవారూ, పిల్లల ఆకలికి సామూహిక క్షేత్రంలో గింజలు ఏరుకున్నందుకు వచ్చినవారూ ఉన్నారు. 1933లో పూర్తయిన 227 కిలోమీటర్ల తెల్లసముద్రం–బాల్టిక్ కాలువ కోసం రాయి పగలగొట్టింది ఖైదీలే, గడ్డపారలతో, చెక్క తోపుడుబండ్లతో. శిబిరాల్లో రొట్టె పనిని బట్టి కొలిచి ఇచ్చేవారు. పని తగ్గితే రొట్టె తగ్గుతుంది. రొట్టె తగ్గిన మనిషి మర్నాడు ఇంకా తక్కువ తవ్వుతాడు. మా దొరలు కూడా ఇంత లెక్కగా చంపలేదు.

మీ మ్యూజియంలో జైళ్ల నుంచి, శిబిరాల నుంచి తెచ్చిన తలుపులుండేవి. ఫొటోల్లో చూశాను. బరువైన చెక్క, ఇనుప గడియలు, కావలివాడు బయటి నుంచి కన్ను ఆనించి చూసే చిన్న రంధ్రం. అలాంటి తలుపులను మళ్లీ ఒక తాళం వెనక పెట్టడానికి మీకు మనసెలా ఒప్పిందో! అంతకు మూడేళ్ల ముందే, 2021 డిసెంబరులో, ఇలా బలైనవారి పేర్లన్నీ ఓపికగా పోగుచేసిన మెమోరియల్ అనే సంస్థను మీ సుప్రీంకోర్టు రద్దు చేసింది. అక్కడ అగ్నిప్రమాదం మాట కూడా రాలేదు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. వైర్లు పాతవైతే మార్పించండి. మెట్లు ఇరుకైతే ఇంకో దారి పెట్టించండి. గులాగ్ అన్న పేరు చెరపకుండా, ఆ తలుపులను మళ్లీ జనం చూసేలా నిలబెట్టించండి. ఎప్పటికి పూర్తవుతుందో తేదీ చెప్పండి. నాంపల్లి నుంచి వచ్చినవాడొకడు టికెట్టు కొనుక్కుని వరుసలో నిలబడతాడు.

ఇట్లు,
మీ పాత తెలుగు పుస్తకాల పాఠకుడు,
హైదరాబాదు